పెద్దమ్మకి తెలియని కాలేజీ

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లకి కాలేజీ ఎంపిక చేసే కమిటీ కూకట్‌పల్లిలో ఉంటుంది. అధ్యక్షురాలు పెద్దమ్మ. కమిటీ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ కాలేజీ పేరు మనం ఎప్పుడైనా విన్నామా?" హార్వర్డ్, ఎంఐటీ విన్నారు, పాస్. ఎదురింటి వాళ్ళబ్బాయి ఎమ్మెస్ చేసిన స్టేట్ యూనివర్సిటీ కూడా పాసే. స్వార్త్‌మోర్, గ్రిన్నెల్, రీడ్, హార్వీ మడ్ లాంటి చిన్న కాలేజీలు? అవతల ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "పోనీలే, పిల్ల ఆరోగ్యం బాగుంది కదా" అనే ఓదార్పు.

పిల్లేమో ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా పక్కన పెట్రి డిష్‌లో బ్యాక్టీరియా పెంచే రకం. సైన్సు పిచ్చి. నాన్నగారి అనుమానం నాన్నగారిది: "రెండు వేలమంది కూడా లేనిచోట సైన్సేముంటుంది? మా ఇంటర్ కాలేజీలోనే అంతకంటే ఎక్కువమందిమి ఉండేవాళ్ళం!" నిజమే. సెక్షన్లు ఎక్కువున్న కాలేజీయే గొప్ప కాలేజీ అని విజయవాడలో నేర్చుకున్న పాఠం న్యూజెర్సీ వచ్చినా వదల్లేదు.

సరే, పెద్ద యూనివర్సిటీలోనే చేర్పించారనుకోండి. మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో చాలాచోట్ల వందలమంది. ప్రొఫెసర్ గారు వేదిక మీద అగ్గిపుల్లంత కనిపిస్తారు. ల్యాబులో దగ్గరుండి చెప్పేది మొన్న ఆగస్టులో విమానం దిగిన పీహెచ్‌డీ కుర్రాడు. మన గుంటూరు అబ్బాయే కావచ్చు, బాగానే చెబుతాడు కూడా. కానీ గుంటూరు అబ్బాయి చేత చెప్పించుకోవడానికి అన్నేసి డాలర్లు పోయడమెందుకు, పిల్లని గుంటూరే పంపితే అమ్మమ్మగారింట్లో భోజనం కూడా కలిసొచ్చేది.

చిన్న కాలేజీలో ఆ కుర్రాడు ఉండడు. పీహెచ్‌డీ కోర్సే ఉండదు కాబట్టి, పరిశోధన సాగాలంటే ప్రొఫెసర్‌కి డిగ్రీ పిల్లలే దిక్కు. యంత్రం ముందు వాళ్ళే కూర్చోవాలి, పాడుచేస్తే తిట్లూ వాళ్ళే తినాలి. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీలో 1968 నుంచి ఒక అణు రియాక్టర్ నడుస్తోంది. దాన్ని నడిపేది ముఖ్యంగా డిగ్రీ విద్యార్థులు. ప్రభుత్వ లైసెన్సు పరీక్ష రాసి మరీ నడుపుతారు. వాళ్ళలో సైన్సు మేజరు కానివాళ్ళు కూడా ఉంటారు. మనింట్లో ఇరవయ్యేళ్ళ పిల్ల చేతికి ప్రెషర్ కుక్కర్ ఇవ్వడానికి భయపడతాం.

నాన్నగారి విషయంలో ఇంకో విచిత్రం ఉంది. ఆయన అమీర్‌పేటలో నేర్చుకున్నది ఎస్‌క్యూఎల్. దాని పుణ్యాన హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు, నాలుగు బెడ్‌రూముల ఇల్లు. 1970ల్లో ఐబీఎంలో రేమండ్ బోయిస్‌తో కలిసి ఆ ఎస్‌క్యూఎల్‌ని తయారుచేసిన డొనాల్డ్ చాంబర్లిన్ ఎక్కడ డిగ్రీ చదివాడు? హార్వీ మడ్‌లో, 1966లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ కాలేజీ పుట్టిందే 1955లో. ఈనాటికీ అక్కడ ఉన్నది సుమారు తొమ్మిది వందలమంది. గృహప్రవేశానికి పిలవాల్సిన మనిషి కాలేజీ పేరు చెబితే, "అదెక్కడుంది?" అంటారు.

నోబెళ్ళ ఊసెత్తితే కమిటీకి కోపమొస్తుంది కానీ, 1975 వైద్య నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఇద్దరు, బాల్టిమోర్, టెమిన్, డిగ్రీ చదివింది స్వార్త్‌మోర్‌లోనే. 1989లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న థామస్ చెక్ గ్రిన్నెల్ పట్టభద్రుడు. 2020లో అదే నోబెల్ పంచుకున్న జెనిఫర్ డౌడ్నా పొమోనా కాలేజీ నుంచి వచ్చింది. ఆపైన చెక్ బర్క్‌లీకి, డౌడ్నా హార్వర్డ్‌కి వెళ్ళారు. పెద్ద పేరు కావాలంటే పీహెచ్‌డీకి దొరుకుతుంది, తొందరేం లేదు.

చిన్నదల్లా బంగారమని కాదు. పై స్థాయి ఫిజిక్స్ కోర్సులు ఏడాది విడిచి ఏడాది చెప్పే కాలేజీలూ ఉన్నాయి. ఏ కోర్సు ఏ ఏడాది చెబుతారు, ల్యాబులో యంత్రాన్ని ముట్టుకునేదెవరు అని క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు అడగాలి. మనవాళ్ళు అడిగేవి: క్యాంటీన్‌లో పెరుగు దొరుకుతుందా? ఇండియన్ స్టోర్ ఎంత దూరం?

ఇంతా చేసి పిల్ల పట్టుబట్టి చేరితే, "పాపం, ఎక్కడా సీటు రాలేదేమో" అని పాట్‌లక్కుల్లో గుసగుసలు. స్వార్త్‌మోర్, పొమోనాలు ఈ మధ్య నూటికి పదిమందిని కూడా చేర్చుకోవడం లేదు. ఈ లెక్క మాత్రం దయచేసి మనవాళ్ళ చెవిన పడనివ్వకండి. పడిందా, వచ్చే వేసవికి ఎడిసన్‌లో "స్వార్త్‌మోర్ స్పెషల్ బ్యాచ్" బోర్డు లేస్తుంది, ముందుగా చేరినవాళ్ళకి ఫీజులో రాయితీతో సహా.