చప్పట్లకు మనుషులు కావలెను

మా బడికి రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు, 23 మంది పిల్లలు. 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది కనుక ఆ లెక్కన మాకేమీ లోటు లేదు. చిక్కల్లా కార్యక్రమాలతోనే. పైనుంచి దిగే ప్రతి కార్యక్రమమూ ఐదొందల మంది చదివే హైస్కూలు ఒంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. మాకూ అదే పంపుతారు. చేతులు నాలుగు మడతలు పెట్టి, మిగిలింది లోపలికి దోపుకుని తొడుక్కుంటాం. అందుకే కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న ఈ చిన్న బడిలో పదవి లేని పెద్దమనిషి, పాత్ర లేని పిల్లవాడు కాగడా వేసి వెతికినా దొరకరు.

ముందుగా వార్తలు. మా వరండాలో వార్తల బోర్డు ఒకటుంది. దాని బాధ్యత నాలుగో తరగతి కుర్రాడిది. ప్రార్థన కాగానే సుద్దముక్కతో ఆనాటి ముఖ్యవార్త రాయాలి. రాకెట్ల గురించో, మన క్రీడాకారుల గురించో రాస్తాడని నా ఆశ. వాడి పత్రికా విధానం వేరు. సోమవారం 'నేడు గుడ్డు, చిక్కీ కలవు'. మంగళవారం 'నేడు గుడ్డు, రాగిజావ కలవు'. శనివారం మాత్రం కాస్త బాధతో, అక్షరాలు చిన్నవి చేసి, 'నేడు గుడ్డు లేదు'.

"రోజూ అదేనేంట్రా?" అన్నాను ఒకసారి.

"రోజూ అందరూ చదువుతున్నారు కదండీ" అన్నాడు.

పత్రిక నడపడంలో అంతకు మించిన సూత్రం నాకూ తెలియదు కనుక ఊరుకున్నాను.

భోజనం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2024లో బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పేరు రాష్ట్రమంతటికీ పెట్టారు గానీ బరువు పడింది మా వంటావిడ మీద. సీతమ్మ గారిది మా కోనసీమలోని లంకల గన్నవరం. ఆవిడ పోయింది 1909లో అయినా, ఏ వేళప్పుడు గడప తొక్కినవాణ్నయినా అన్నం పెట్టకుండా పంపలేదని మా వైపు ముసలివాళ్లు నిన్న మొన్న చూసొచ్చినట్టే చెబుతారు. ఇప్పుడు మా పప్పులో ఉప్పు తగ్గితే గోడ అవతలి నుంచి ఒక మామ్మగారు తల పైకెత్తి, "సీతమ్మ గారి పేరు చెడగొడతావేంటే?" అంటారు.

"ఆవిడకి బిల్లులు పెట్టుకునే బాధ లేదు కదండీ మామ్మగారూ! నాకు తలకి వంద గ్రాములు తూకమేసి ఇత్తారండి, ఆయ్" అని వంటావిడ జవాబు.

తలకి 100 గ్రాముల బియ్యమంటే 23 మందికి 2 కిలోల 300 గ్రాములు. మూడో తరగతికి గుణకారం చెప్పడానికి నాకింతకన్నా మంచి లెక్క దొరకలేదు. ఇద్దరు మానేస్తే ఎంత అంటే తీసివేత కూడా వచ్చేస్తుంది. "ఆ ఇద్దరి గుడ్లు ఎవరికండీ?" అని అడిగే పిల్ల ఒకత్తి ఉంది. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకం వెనక పేజీల్లో కూడా లేదు.

తర్వాతి వార్త పరిపాలనకు సంబంధించింది. బడి యాజమాన్య కమిటీకి తరగతికి ముగ్గురు చొప్పున ఐదు తరగతులకు 15 మంది తల్లిదండ్రులను ఎన్నుకోవాలి. వాళ్లలో సగం మంది ఆడవాళ్లుండాలి. చాలా మంచి పద్ధతి. కాకపోతే మా ఐదో తరగతిలో ఉన్నది ఇద్దరే పిల్లలు. ఒకరి నాన్న కువైట్‌లో, ఇంకొకరి నాన్న మస్కట్‌లో. మొత్తం 23 మందినీ కలిపి చూసినా వాళ్లంతా 14 ఇళ్ల పిల్లలు. దాంతో పోటీ చేసేవాళ్లు, ఓటేసేవాళ్లు, ఓడినవాళ్లను ఓదార్చేవాళ్లు అందరూ ఒకే మనుషులయ్యారు. పోయినేడు ఎన్నిక నాడు కోరానికి ఇద్దరు తగ్గితే మా మాస్టారు మోటారుసైకిలేసుకుని కొబ్బరి రాశి దగ్గరికి పోయి, కాయలు వలుస్తున్న ఇద్దరిని ఉన్నపళంగా తీసుకొచ్చారు. పావుగంటలో వాళ్లలో ఒకరు చైర్మన్ అయ్యి, సంతకం పెట్టి, మళ్లీ రాశి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నుంచి అక్కడ అందరూ ఆయన్ని 'చైర్మన్ గారూ' అంటున్నారట. కూలి మాత్రం పాత రేటే.

ఆ కమిటీ హయాంలోనే 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడులాగుడు. అమ్మలు ముందొచ్చారు. అందరూ వచ్చారు. ఎవరి ముగ్గు ఎవరి ముగ్గుకన్నా చిన్నదిగా ఉండకూడదన్న పట్టుదలతో తొమ్మిదింటికల్లా మా బడి ఆవరణంతా నిండిపోయింది. గేటు నుంచి గదిలోకి పోవాలంటే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నడవాలి. నాన్నలు వచ్చేసరికి తాడు లాగడానికే కాదు, తాడు పరచడానికీ చోటు లేదు. తాడుకి మాత్రం లోటేముంది, కొబ్బరిపీచు పుట్టిన చోటిది. సరే, ఏటిగట్టు మీద లాగుదామన్నారు. వచ్చిన నాన్నలు ఆరుగురు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. విజిలు వేయగానే ఒక పక్కవాళ్లు పట్టు వదిలారు, రెండో పక్కవాళ్లు ముగ్గురూ గట్టు దిగువకి దొర్లారు. దెబ్బలేమీ తగల్లేదు. గెలిచింది ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే కిందికి పోయినవాళ్ల చేతుల్లోనే తాడుంది. వాళ్లను చూడ్డానికి అమ్మలంతా పరిగెత్తడంతో ముగ్గుల సంగతి కూడా తేలిపోయింది. ఎవరూ తొక్కకుండా మూలన మిగిలిన ఒకే ఒక్క ముగ్గుకు మొదటి బహుమతి ఇచ్చాం.

సిబ్బంది వార్తలు. మా హాజరు ఇప్పుడు మొహం చూపించి వేయించుకోవాలి. మా మాస్టారు మొక్కు తీర్చుకుని తిరుపతి నుంచి నున్నటి గుండుతో దిగారు. ఫోను ఆయన్ని గుర్తుపట్టలేదు. కళ్లజోడు తీశారు, పెట్టారు. నీడలోకి వెళ్లారు, ఎండలోకి వచ్చారు. పిల్లలంతా చుట్టూ మూగి "మా మాస్టారేనండీ, ఒట్టండీ" అని ఫోనుకి సాక్ష్యం చెప్పారు. చివరికి రెండో తరగతి పిల్ల ఎక్కడి నుంచో కొబ్బరిపీచు తెచ్చి ఆయన తలమీద చక్కగా సర్దింది. దానికి ఫోను ఒప్పుకుందా లేదా అన్నది ఉద్యోగ విషయం. ఇక్కడ రాయకూడదు.

ఫోను గురించి ఇంకొక్క మాట. వండిన అన్నం ఫొటో, తాగే నీళ్ల ఫొటో, 2024 దాకా కడిగిన మరుగుదొడ్డి ఫొటో, అన్నీ తీసి పైకి పంపే పని మాది. పాతవీ ఇంకా నా ఫోనులోనే ఉన్నాయి. మొన్న పెళ్లిలో మా పిన్ని పక్కన కూర్చుని, "మీ పాప ఎంత ఎదిగిందో చూపించవే" అంది. వేలితో జరుపుతున్నాను, జరుపుతున్నాను, పాప రాదు. పిన్ని కాసేపు శ్రద్ధగా చూసి, "ఎంత శుభ్రంగా ఉన్నాయే" అంది.

ఇక రాబోయే కార్యక్రమాలు. నులిపురుగుల మాత్రలు ముందు. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్కొక్కరూ మా ఎదటే నమిలి మింగాలి. ప్రతిసారీ ఒకడు, "నాకు పురుగులు లేవండి, మా అన్నయ్యకున్నాయండి" అంటాడు. అన్నయ్య పక్క వరసలోంచి లేచి దెబ్బలాటకు వస్తాడు. ఇద్దరి నోళ్లూ తెరిచి ఉన్న ఆ క్షణమే మాకు అదను.

ఆగస్టంటే మాకు గోదారి నెల. పైన భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఏడో ఎక్కం దగ్గర నీళ్లు నమిలే మా పిల్లలు ఈ ఆరు అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాటి వెనక ఎక్కడో సెలవుందని వాళ్లకు తెలుసు. దశాంశాలు ఇంకా మొదలుపెట్టని రెండో తరగతి వాడు కూడా "పదమూడు పాయింటు ఏడు ఐదు దాటేసిందంటండీ" అంటూ పుస్తకాలు సర్దేస్తాడు. వాళ్లకు సెలవు, మాకు డ్యూటీ. టీచర్లకు చదువు కాని పనులు అప్పజెప్పకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఘంటాపథంగా చెబుతుంది. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప అని అదే వాక్యంలో మెల్లిగా చెబుతుంది. విపత్తుల మాట చెప్పినప్పుడు చట్టం రాసినవాళ్ల మనసులో గోదారి ఉందో లేదో గానీ, గోదారి మనసులో మాత్రం ఏటేటా మేమున్నాం.

గోదారి ఒప్పుకుంటే 29న రెండు పండగలు. 1863లో ఆ తేదీన గిడుగు రామమూర్తి గారు పుట్టారు, కనుక తెలుగు భాషా దినోత్సవం. 1905లో అదే తేదీన ధ్యాన్‌చంద్ పుట్టారు, కనుక జాతీయ క్రీడా దినోత్సవం. పెద్ద బడుల్లో సగం మంది ఆడతారు, సగం మంది మాట్లాడతారు. మాకు ఆ రెండు సగాలూ ఒకటే. అందుకని పొద్దున్న ఆట, మధ్యాహ్నం మాట అని పెట్టుకున్నాం.

ధ్యాన్‌చంద్ పేరు చెప్పాక హాకీ ఆడకపోతే బాగుండదు. ఊరు మొత్తం మీద హాకీ కర్ర లేదు. కొబ్బరిమట్టకు మొదట్లో ఒక వంపు ఉంటుంది. దాన్ని ఒక రకంగా చెక్కితే క్రికెట్ బ్యాటు, ఇంకో రకంగా చెక్కితే హాకీ కర్ర, ఆటయ్యాక వంటావిడ పొయ్యిలోకి కట్టె. జట్టుకి 11 మంది చొప్పున రెండు జట్లకు 22 మంది. మిగిలిన 23వ పిల్ల అంపైరు. పిల్లల సంఖ్యతో లెక్క ఇంత చక్కగా కుదిరిన కార్యక్రమం నా సర్వీసులో ఇదొక్కటే. హాకీకి ఇద్దరు అంపైర్లుంటారని మాస్టారు గుర్తుచేసి, రెండో విజిలు తనే తీసుకున్నారు. ఒకే ఒక్క భయం, ఒకటో తరగతి వాళ్లు. బంతి దొరికితే గోలు వైపు కాదు, ఇంటి వైపు పరిగెడతారు.

మధ్యాహ్నం సభ. ఐదో తరగతి పాపకి ఉపన్యాసం వాళ్ల తాతగారు రాసిచ్చారు. రాస్తే రాశారు, వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వారి మీద శుద్ధ గ్రాంథికంలో రాశారు. ఒక్కో వాక్యం నోటుపుస్తకంలో అరపేజీ ఉంది. క్రియాపదం వచ్చేసరికి పాపకి ఊపిరి అయిపోతోంది. నిన్న రిహార్సల్లో రెండో వాక్యం దగ్గర పూర్తిగా ఆగిపోయి, కాగితం కిందికి దించి, "మనం మాట్లాడుకున్నట్టే రాసుకోవాలని గిడుగు వారు పట్టుబట్టారండి. పెద్దపెద్దోళ్లు ఒద్దన్నా ఊరుకోలేదండి, ఆయ్" అని చెప్పి వచ్చి కూర్చుంది. అలాగే చెప్పమన్నాను. తాతగారికి ఇంకా తెలియదు.

మైకు కూడా ఉంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా పూర్వ విద్యార్థి ఒకాయన ఇచ్చారు. బడికి ఏం కావాలో చెప్పండి టీచరు గారూ అంటే ఫ్యాను అన్నాం. సరేనని మైకుసెట్టు తెచ్చారు. మామూలుగా పిలిస్తే ఊరంతా వినపడే చోట దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఇన్నాళ్లూ బీరువాలో పెట్టాం. ఈసారి ఆయనే ముఖ్య అతిథి. తీయక తప్పదు.

ఇంతదాకా వచ్చాక అసలు సంగతి బయటపడింది. పాట పాడేవాళ్లు ఆరుగురు, నాటికలో పన్నెండు మంది, ఉపన్యాసాలు ముగ్గురు, మైకు పట్టుకునేవాడు ఒకడు, అతిథులకు పూలిచ్చే పిల్ల ఒకత్తి. మొత్తం 23. కింద కూర్చునేవాడు ఒక్కడూ లేడు. పెద్దవాళ్లు వస్తారా అంటే, ఈసారి 29 శుక్రవారం పడింది, పనులకు పోతారు. కాన్వెంటు పిల్లలున్నారు గానీ వాళ్ల పచ్చ వ్యాను పొద్దున్నే ఎక్కించుకుపోయి దీపాలవేళకి దింపుతుంది. "మీరైనా కాసేపు కూర్చుని చప్పట్లు కొట్టండి" అని వంటావిడని అడిగాను. "కొట్టడానికేవుందండీ, గిన్నెలెవరు తోవుతారండీ?" అంది.

ఈ గొడవంతా నాలుగో తరగతి పత్రికాధిపతి విన్నట్టున్నాడు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది: '29న సభ. చప్పట్లు కొట్టువారు కావలెను. గుడ్డు కలదు.'

బడి బోర్డు బడివాళ్లే చదువుతారనుకున్నాను. మధ్యాహ్నానికి వంటావిడ కంగారుగా వచ్చింది.

"టీచరు గారండీ, ఊళ్లో ఇప్పటికి ఇరవై మంది అడిగారండి, ఎన్నింటికి రమ్మంటారని. మనకొచ్చేవి ఇరవై మూడు గుడ్లు కదండీ! అవి పిల్లలవి. లేవని చెప్పేత్తానండి?"

నేను నోరు తెరిచేలోపల గోడ అవతలి నుంచి తల ఒకటి పైకి లేచింది.

"సీతమ్మ గారైతే లేదనేదా?" అన్నారు మామ్మగారు.