జాగా లేదా? చక్రాలు బిగించుకోండి!

జాగా లేనోళ్లు ఇల్లడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. తెలంగాణ సర్కారు 5 లక్షలిచ్చి కట్టించే ఇందిరమ్మ ఇల్లు ముందుగా సొంత జాగా ఉన్నోళ్లకే. జాగా లేనోళ్లది ఎల్-2 జాబితా, వాళ్ల సంగతి తర్వాత. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు కలిపి 10,500 ఇళ్లు. విస్తరి వెంట తెచ్చుకున్నవాడికే భోజనం. విస్తరి లేనివాడు పెళ్లయ్యాక, పందిరి విప్పాక రావాలి.

ఎల్-2 వాళ్లు దిగులు పడక్కర్లేదు. అడ్డం వచ్చింది నేల ఒక్కటే గనక, నేలతో పనిలేని ఇల్లు కట్టుకుంటే సరి. చక్రాల ఇల్లు! 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు అన్న నిబంధన ఉంది కాబట్టి ట్రాక్టర్ ట్రాలీలు ఓ ఆరేడు వరసగా తగిలించాలి. ముందు ట్రాలీలో వంట, చివరి ట్రాలీలో అత్తగారు.

బిల్లులకూ ఇబ్బంది లేదు. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష. ఇక్కడ బేస్‌మెంటంటే టైర్లే, గాలి కొట్టించి ఫొటో దిగితే చాలు. చిక్కల్లా జియోట్యాగింగ్‌తో. టైర్ల ఫొటో సూర్యాపేట బస్టాండు దగ్గర, గోడల ఫొటో కోదాడ బైపాస్‌లో, స్లాబు ఫొటో మిర్యాలగూడ రైస్‌మిల్లు గేటు ముందు పడితే యాప్‌కు కళ్లు తిరుగుతాయి. పోనీండి, ప్రగతి నివేదికలో ఒక్క ఇల్లు మూడు ఇళ్లవుతుంది. ఇంటిపన్ను కొర్లపహాడ్ టోల్‌గేటులో ఫాస్టాగ్ నుంచే కోసుకుంటారు. గృహప్రవేశానికి ఆవును తోలుకురానక్కర్లేదు, ఇల్లే ఆవు దగ్గరికి పోతుంది.

అమెరికాలో ఈ ముచ్చట ఎప్పుడో తీరింది. ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చిన ఇళ్లలో అక్కడ లక్షలాది కుటుంబాలున్నాయి. చాలాచోట్ల ఇల్లు వాళ్లది, కింది నేల ఇంకొకరిది. పేరుకు మొబైల్ హోమే గానీ కదిలిస్తే ఖర్చు తట్టుకోలేరు. నేల యజమాని అద్దె పెంచితే కిక్కురుమనకుండా కట్టాల్సిందే. 1984లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మెరిడిత్‌లో 13 కుటుంబాలు సహకార సంఘం పెట్టి, అప్పు తెచ్చి, తమ ఇళ్ల కింది నేలనే కొనేశాయి. చక్రాలున్న ఇల్లు కూడా ఆఖరికి వెతుక్కున్నది కాలికింద జాగానే.

ఇక మన దగ్గరికొస్తే, మిర్యాలగూడ మిల్లుల వెనక సర్కారు జాగాలో హమాలీ గుడిసె. కప్పు కిందటి ఎన్నికల ఫ్లెక్సీ. నాయకుడి నవ్వు తలకిందులుగా ఉంది, కంటి దగ్గర చిరిగింది, ఆ చిరుగులోంచి వాన సరిగ్గా పొయ్యి మీద పడుతోంది. ఓటు అడగడానికి ఈ గుడిసె చిరునామా అందరికీ దొరికింది. ఇల్లడిగితే మాత్రం జాగా లేదట! మరి ఇన్నేళ్లూ వాళ్లు గాలిలో వండుకు తిన్నారా? నిరుపేదలు గూడు కట్టుకున్న సర్కారు జాగాను 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించొచ్చని 58వ నంబరు జీవో వచ్చింది 2014 డిసెంబరు 30న. సర్కారుకు దారి తెలియక కాదు, నడవబుద్ధి కాక. గుడిసె ఉన్నచోటే పట్టా ఇచ్చి, ఆ పట్టా మీదే ఇల్లు మంజూరు చేయడానికి చక్రాలూ అక్కర్లేదు, కొత్త జాబితాలూ అక్కర్లేదు. హైవే పక్క వెంచర్లలో గజం గజానికీ పడుతున్న కొలతల టేపు, ఈ గుడిసె చుట్టూ ఒక్కసారి పడటానికి ఇంకెన్ని వానాకాలాలు కావాలి?