గుమ్మడికాయ కాపలాలో రౌటర్

తెలుగువారి ఇంట్లో ఇంటర్నెట్ భద్రతకు ప్రస్తుతం రెండే అంచెలున్నాయి. గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ మొదటిది. రౌటర్ మీద దుమ్ము పడకుండా కప్పిన లేసు గుడ్డ రెండోది. గుమ్మడికాయ కుళ్లితే మారుస్తారు, గుడ్డ మాసితే ఉతుకుతారు. రౌటర్ పాస్‌వర్డ్ మాత్రం కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, ఆ కుర్రాడు ఉద్యోగం మాని ఊరు వదిలి వెళ్లినా సరే.

నిజానికి రౌటర్‌కు పాస్‌వర్డ్‌లు రెండు. వైఫైది ఒకటి. దాన్ని పక్కింటివాళ్లు, పై వాటావాళ్లు, పండక్కి వచ్చిన చుట్టాల పిల్లలు అందరూ ఎరుగుదురు. సెట్టింగుల్లోకి వెళ్లడానికి ఇంకోటి ఉంటుంది. అది ఉన్నట్టు ఇంటి యజమానికే తెలియదు. చాలా పాత రౌటర్లలో అది ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్’గానే మిగిలిపోతుంది. 2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ప్రపంచం మీద పడ్డప్పుడు దాని దగ్గర గొప్ప విద్యలేమీ లేవు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతలు జాబితాగా పట్టుకుని దొరికిన పరికరాన్నల్లా తట్టి చూసింది. లక్షల కొద్దీ రౌటర్లు, సీసీ కెమెరాలు తలుపులు తీశాయి. ఆ ఏడాది అక్టోబరులో అలా చిక్కిన పరికరాలతో, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి సరిగా అందలేదు. దొంగలను కనిపెట్టడానికి పెట్టుకున్న కెమెరాలు దొంగల కొలువులో చేరాయన్నమాట.

సొంతంగా పెట్టుకునే పాస్‌వర్డ్‌లలో వాత్సల్యానిదే పెద్దపీట. మనవరాలి పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆ పేరూ ఆ తేదీ కేకు ఫొటోతో సహా ఏటా ఫేస్‌బుక్‌లో ప్రకటితమవుతూనే ఉంటాయి. బ్యాంకుకు అదే, మెయిల్‌కు అదే, చీరల షాపు యాప్‌కూ అదే. షాపు డేటా బయటికి పొక్కిన రోజున బ్యాంకు తాళంచెవీ దాంతోపాటే పోతుంది. పాస్‌వర్డ్‌లు నోట్‌బుక్కులో రాసుకునే తాతగారిని చూసి మనవలు నవ్వుతారు గానీ, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టి, రాసి, బీరువాలో దాచుకుంటే ఆ ఇంట్లో ఆయనే నయం. ఎక్కడో కూర్చున్న మోసగాడు బీరువా దాకా రాలేడు.

పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వాట్సాప్‌లో దిగుతాయి. తెరవకపోతే మర్యాద కాదు. ఎవరి పెళ్లో తెలియకపోయినా తెరవాల్సిందే. అసలు ఎవరి పెళ్లో తెలుసుకోవడానికైనా తెరవాలి. నిజమైన శుభలేఖ ఫొటోగానో వీడియోగానో పీడీఎఫ్‌గానో ఉంటుంది. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ ఉంటే అది యాప్. ఎక్కడిదో తెలియని యాప్ అని ఫోనే అడ్డుపడుతుంది. శుభకార్యానికి అడ్డుపడే ఫోను మాట ఎవరు వింటారు? ‘అలౌ’ నొక్కుతారు. మెసేజ్‌లు చదువుకునే అనుమతి అడిగితే అదీ ఇస్తారు. ఇక ఓటీపీలు వియ్యాలవారికి కూడా చేరతాయి. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో తిరిగే ఏపీకేలదీ ఇదే తంతు.

“మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్” అన్నది మరో రక్షణ కవచం. అబ్బాయి వారాంతంలో స్క్రీన్ షేర్ చేయించుకుని అక్కణ్నుంచే ఫోన్ బాగుచేస్తాడు. ఆ పుణ్యాన తల్లిదండ్రులకు ఒక విద్య బాగా అబ్బింది: అవతలి గొంతు ఏది నొక్కమంటే అది నొక్కడం. కేవైసీ ఆగిపోయిందని బ్యాంకు పేరుతో ఫోన్ చేసేవాడికి శిష్యులు తయారుగా దొరుకుతారు. యూపీఐలో డబ్బు పోవడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు అన్న ముక్క మాత్రం అబ్బాయి పాఠాల్లో ఎప్పుడూ రాదు.

వీటన్నిటికీ పైమెట్టు, పోలీసులమని నమ్మించి వీడియో కాల్‌లోనే బంధించే డిజిటల్ అరెస్ట్. భారత చట్టాల్లో ఎక్కడా అలాంటి అరెస్టు లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో ఈ సంగతే చెప్పారు. అయినా వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనబడగానే రిటైరైన అధికారులు, డాక్టర్లు సైతం గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ కెమెరా ముందు కూర్చుంటున్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. మోసగాడు పట్టుకునేది పరువును. “ఎవరికీ చెప్పొద్దు” అన్నది వాడి మొదటి ఆజ్ఞ. కూరలో ఉప్పెక్కువైన సంగతి సాయంత్రానికి వీధి చివరికి చేరే ఇంట్లో, ఈ ఒక్క రహస్యం మాత్రం ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ కరిగేదాకా కడుపులోనే ఉంటుంది. లేచి వంటింట్లోకి వెళ్లి ఒక్క ముక్క చెబితే సగం అరెస్టులు అక్కడే రద్దవుతాయి.

డబ్బు పోయాక చేయాల్సిన పనిలో మాత్రం వేళాకోళానికి చోటు లేదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కాజేసిన సొమ్ము నిమిషాల్లో ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. నగదుగా బయటపడకముందే సమాచారం అందితే దాన్ని దారిలోనే ఆపే వీలుంటుంది. బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారు పిన్నో ఓటీపీయో తానే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేలోగా పోయిన సొమ్ము అతని నష్టమే. తెలిపాక పోయేది బ్యాంకు భరించాలి.