మెహికో నుండి బావగారికి ఒక జాబు

మెహికో నగరము,
నవంబరు 3.

మహారాజశ్రీ బావగారి సముఖమునకు నమస్కారములు. మూడు నెలలలో స్పానిష్ భాషను నమిలి మ్రింగెదనని గుంటూరు స్టేషనులో తమ సమక్షమున నేను చేసిన ప్రతిజ్ఞ తమకు జ్ఞాపకముండకుండుగాక యని దినమున కొకమారు దైవమును ప్రార్థించుచున్నాను. ఏలయన, ఎనిమిది నెలలుగా ఆ భాషయే నన్ను నములుచున్నది గాని మ్రింగుట లేదు.

వ్యాకరణమున చిన్నయసూరి స్త్రీని, కుర్చీని ఒక్క గాటనే కట్టి రెంటికిని “వచ్చినది” అను క్రియనే యొసగెనని అక్కయ్య యింతకాలము ఆయనపై కత్తిగట్టియున్నది గదా! ఇచట కుర్చీయే స్త్రీ. పోనిండు, గడ్డము స్త్రీలింగమట, దానిపై వెలసిన మీసము పుంలింగమట! ఉదయము క్షురకర్మవేళ ఎవరిని తాకుచున్నానో తెలియక చేయి వణకును. ఆ చేయియు, “మానో” యని పురుషవేషము ధరించిన స్త్రీయే.

ఈ నగరము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల యెత్తున నుండుటచే మూడంతస్తులెక్కునప్పటికి ఊపిరి నిలువదు. “కన్సాదో” యనగా అలసినవాడు, “కసాదో” యనగా పెండ్లియైనవాడు. నకారపొల్లు మెట్లమీదనే జాఱిపోగా, ఇంటి యజమానురాలగు ముదుసలితో “మిక్కిలి పెండ్లియైనవాడను” అని రొప్పుచు విన్నవించుకొంటిని. ఆమె నా రెండుచేతుల కూరల సంచులను, నుదుటి చెమటను తేఱిపాఱజూచి, “పోబ్రెసీతో”, అనగా పాపము పిల్లవాడు, అని కుర్చీ వేసినది.

“అఓరీతా” యను మాటకు నిఘంటువున “ఇప్పుడిప్పుడే” యని యర్థము. కుళాయి బాగుచేయువాడు సోమవారమున అఓరీతా యని గురువారమున వచ్చెను. మా స్పానిష్ తరగతిలోని జర్మనీవాడు దీనికి జ్వరము తెచ్చుకొనుచుండగా, “గుండీలు కుట్టుటయే తరువాయి” యని నెలలు గడపిన మన దర్జీ చేతిలో పెరిగినవాడను గాన, నేను మాత్రము ఆ మాట విన్నంతనే స్వదేశమున నున్నట్లు నిద్రపోతిని.

గుంటూరువారి గర్వభంగము గూడ జరిగినది. టాకోల బండివానిని “పీకా?”, మండునా, యని యడిగితిని, “నో పీకా” యనెను. అది ఆబనేరో మిరప! మిరప యీ దేశపుబిడ్డయనియు, పోర్చుగీసువారి యోడలనెక్కి మనదేశమునకు వచ్చెననియు చదివియుంటిని గాని, అత్తింట నణగియున్న పిల్ల పుట్టింట నెట్లు చెలరేగునో నాటి కన్నీటితోనే యెఱిగితిని.

నిన్నను మొన్నను మృతుల పండుగ. మన పెద్దలకు పెట్టుకొనుటవంటిదే: పటములు, దీపములు, పోయినవారికి ప్రీతియైన వంటకములు, వీథి పొడవునను బంతిపూవులు. మన గుమ్మములకు కట్టు ఆ పూవుకును జన్మభూమి యిదియేనట. ముదుసలి తన పీఠమున చోటు చేసి “మీవారి పటము లేదా?” యని యడుగగా, తాతగారి బొమ్మను అచ్చువేయించి యుంచి, ఆయన పొడుము దొరకమిచే కాఫీ గ్లాసు పెట్టితిని. తాతగారికి భాష రాదని ఆమెయే వారికి నా క్షేమసమాచారమును స్పానిష్‌లో నెమ్మదిగా విప్పి చెప్పినది.

మఱియొక విన్నపము. ఇచటివారు నాగజెముడు లేత మట్టల ముండ్లు గీకి, ఉల్లిపాయలతో వేయించి తిందురు. వీరి జాతీయపతాకముపై గ్రద్ద వ్రాలియున్నదియు దానిమీదనే. కావున మన చేనిగట్టున నున్న నాగజెముడు పొదను, నేను వేసవికి వచ్చువఱకు, దయచేసి నఱికింపవలదు.

ఇట్లు,
తమ బావమఱది.