పద్దెనిమిదేనా?

గోల్కొండ నయాఖిల్లాలో 18 గుంతల గోల్ఫ్ మైదానం.

ఇలాంటి పచ్చికకు ఏటా ముస్తాబుంటుంది. గడ్డి వేళ్లకు ఊపిరాడాలని బెజ్జాలు పొడుస్తారు, పైన సన్న ఇసుక చల్లుతారు.

చార్మినార్ వైపు రండి. ఈ సేవ ఏడాది పొడవునా! మంచినీళ్లకోసారి, కరెంటుకోసారి, ఫోను తీగకోసారి రోడ్డుకు ఊపిరి పోస్తారు. ఇసుక కుప్ప వదిలేసి పోతారు. గోల్ఫు భాషలో అదే బంకర్.

గోల్ఫు గుంత వెడల్పు 4.25 అంగుళాలే. పిసినారి ఆట! మన దాంట్లో ఆటో ముందుచక్రం హాయిగా దిగుతుంది.

జెండా లేదనుకునేరు. మూత పగిలిన మ్యాన్‌హోల్లో వేపకొమ్మ, దానికో ఎర్రగుడ్డ. పాతింది బస్తీవాళ్లే లెండి.

1687లో గోల్కొండ పట్టడానికి ఔరంగజేబుకు ఎనిమిది నెలలు పట్టింది. మా సందులో గుంత పూడ్చే ఫైలు ముందు ఆయన ఒట్టి తొందరపాటు మనిషి!