పొందిక పంతులుగారు

ప్రతి కాలనీలోను అడుగకుండగనే హోమియోపతి మాత్రలు పొట్లము కట్టి చేతిలో పెట్టు పెద్దమనిషి యొకడు, పెండ్లి సంబంధముల చిట్టాను నాలుక చివర నుంచుకొని తిరుగు పెద్దమనిషి యొకడు, ఆగ్నేయమున బోరు వేయించితిమని తెలిసి మనవంక జాలిగా చూచు పెద్దమనిషి యొకడు తప్పక యుందురు. ఈ మువ్వురును తరతరములుగా నున్నవారే. గడచిన యిరువదియైదేండ్లలో వీరి సరసన నాలవ పీట వేసికొని కూర్చున్న మహానుభావుడు మరియొకడు కలడు. ఇంటి కంప్యూటరులో ఏ భాగము దేనితో పొసగునో, దేనితో పొసగదో తేల్చి చెప్పుట యితని వ్యాసంగము. ఇతనికి జీతము లేదు, కమీషను లేదు, ఉన్నదెల్ల ఉత్సాహము. మా కాలనీలో నీ పదవి నలంకరించినవారు, నాతోపాటు ఒకే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్న మాస్టారు. నేను తెలుగు పండితుడను గనుక వారికి పొందిక పంతులుగారని పేరు పెట్టితిని. వారు కోపగించలేదు. "పొందిక అంటే కంపాటిబిలిటీయే కదూ? బాగుందండీ, ఇంగ్లీషు మాటకన్నా చిన్నది" అని సంతోషించిరి.

వేషమునకేమి, పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయుని వేషమే. కాని చొక్కా జేబులో ఎఱ్ఱసిరా కలముండవలసిన చోట స్టార్ స్క్రూడ్రైవరుండును. దాని ప్రక్కన బడిపిల్లలు వాడెడి తెల్లరబ్బరు ముక్క. పంకా తిరుగుచున్నను తెర వెలుగని కంప్యూటరు నెదుట వారు చేయు ప్రథమ చికిత్స, ర్యామును ఊడదీసి, దాని బంగరు పళ్ళను ఆ రబ్బరుతో తోమి, మరల "టక్కు" మనునట్లు గ్రుచ్చుట. ఈ ఒక్క వైద్యముతోనే తెర వెలుగుటను నేనును పలుమారులు చూచితిని. జీవితమంతయు పిల్లల తప్పులను రబ్బరుతో తుడిపించిన చేయి యగుటవలన ఆ హస్తవాసి వచ్చినదని నా నమ్మకము. ఎవరింటికి వెళ్ళినను వారి చూపు మొదట గృహస్థుని ముఖముమీద పడదు, బల్లక్రింద పడును. ఆ డబ్బానంతటిని పట్టుకొని ఎవరైన సి.పి.యు. అన్నచో వారికి ఒడలు మండును. "లోపల ప్రాసెసరు ఒక్కటే సి.పి.యు. అండీ. వంటమనిషి ఉన్నాడు కదా అని ఇంటినంతా వంటమనిషి అంటామా?" అని అడుగుదురు. అడిగించుకొన్నవారు మరల వారి యెదుట ఆ మాట యనరు, వారు వెళ్ళిన పిమ్మట మరల అందురు.

పరుల కంప్యూటర్లను బాగుచేయుట వారికి వినోదము. స్వగృహమున చేసినది మాత్రము యజ్ఞము. ఆ యజ్ఞమునకు నేను ఆద్యంతములు సాక్షిని.

వారి కుమారుడు 2016లో అమెరికా పోవుచు తల్లిదండ్రులకు ఒక అసెంబుల్డ్ కంప్యూటరు కొనియిచ్చి పోయెను. ఆరవ తరము ఐ5 ప్రాసెసరు, హెచ్110 మదర్‌బోర్డు, 8 జి.బి. ర్యాము, ఒక టి.బి. హార్డ్ డిస్కు. దానితో ఆ దంపతులకు పనియేమన, ఆదివారము ఉదయమున కొడుకు ముఖము చూచుట, ఆమె ప్రవచనములు వినుట, ఆయన కరెంటు బిల్లు కట్టుట. కాలక్రమమున ఆ యంత్రమునకు ముసలితనము వచ్చినది. మాస్టారి భార్యగారు మీట నొక్కి, వంటింటిలోనికి పోయి పాలు పొయ్యిమీద పెట్టి, పాలు పొంగిన తరువాత తిరిగి వచ్చిన సరిగా తెర సిద్ధముగా నుండెడిది. ఆమెకు దీనియందు ఫిర్యాదు లేదు. ఆమె పాలను గడియారముగాను, కంప్యూటరును పొయ్యిగాను ఎన్నడో సమన్వయించుకొన్నది. ఇట్లుండగా, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీవారి సంరక్షణ ముగియునని తెరమీద ప్రకటన వెలసెను. విండోస్ 11 కావలెనన్న ఇంటెల్‌లో ఎనిమిదవ తరమునుండియే ప్రవేశము. ఆరవ తరము గుమ్మము వెలుపలనే నిలువవలెను. మాస్టారి కన్నులు మెరసెను. పదవీ విరమణ నాటి సన్మానసభయందు కూడ నేను వారి ముఖమున అంతటి కాంతిని చూడలేదు.

మరునాడు నన్ను వెంటబెట్టుకొని సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని సి.టి.సి.కి, అనగా చినాయ్ ట్రేడ్ సెంటరుకు బయలుదేరిరి. ఊరిలో సగము కంప్యూటర్లకు అదే పుట్టినిల్లు. మెట్లపై అట్టపెట్టెలు, అట్టపెట్టెలపై టీ గ్లాసులు, వాని నడుమ ఒక మూలదుకాణమున ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు మాస్టారు చెప్పినదంతయు విని యిట్లనెను: "సార్, అదేం ఖరాబ్ కాలే. హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. ఏస్తే ఉరుకుతది. ఉబుంటు ఎక్కిస్త, విండోస్ లొల్లి ఉండది. గంట పని."

లెక్కను ఒక్క వరుసలో సాధించి జవాబు వ్రాసిన విద్యార్థికి మార్కులు వేయకుండుట మాస్టారి యావజ్జీవ వ్రతము. వారు వానిని తేరిపార జూచి, "స్టెప్పులేవి?" అని మాత్రమే అని, వెనుదిరిగిరి. ఆ చవుకయైన, సులభమైన, సరియైన సమాధానము ఆ మూలదుకాణముననే నిలిచిపోయినది.

అటుపై పదునైదు దినములు వారొక పొడుగు నోటుబుక్కున పట్టికలు గీచిరి. ఒక రాత్రి పదిగంటలకు నా తలుపు తట్టి, "పండితులుగారూ, అంకె కుదిరింది!" అనిరి. విషయమేమన, వారి పాతబోర్డు సాకెట్టులో 1151 సూదులు కలవు. ఎనిమిదవ, తొమ్మిదవ తరముల ప్రాసెసర్లకును 1151 సూదుల సాకెట్టే. కావున బోర్డు మార్చకయే ప్రాసెసరును మార్చవచ్చును. వారు వెళ్ళిన తరువాత నేను సుఖముగా నిద్రించితిని. వారు నిద్రింపక తెల్లవార్లు చదివి, ఉదయము వాడిన ముఖముతో మరల వచ్చిరి. అంకె యొకటే, ఆకార మొకటే, పెట్టిన కూర్చుండును; కాని 100, 200 వరుసల చిప్‌సెట్లున్న పాతబోర్డులు ఆ క్రొత్తవానికి ప్రాణము పోయవు; 300 వరుస బోర్డు కావలెను. నేను వారి నోదార్చుచు, మా శాస్త్రమునను ఇట్టి చిక్కులు లేకపోలేదనియు, ఉత్తునకు నిత్యమైన సంధి ఇత్తు దగ్గరకు వచ్చుసరికి వైకల్పికమగుననియు చెప్పబోతిని. "మీ వాళ్ళు వైకల్పికమనైనా చెప్పి చచ్చారు. వీళ్ళు అంకెనైనా మార్చలేదండీ!" అని వారు విసుగుకొనిరి. ఈ విషయమున వారి పక్షమే న్యాయమని నేనిప్పటికిని తలంతును.

బోర్డు మార్చక తప్పదని తేలినపుడు పాత తరముల జోలి ఏలయని పండ్రెండవ తరము ఐ5కు ఎగబ్రాకిరి. అది 1700 సాకెట్టు. మూడేండ్ల క్రిందట ముచ్చటపడి కొన్న బరువైన కూలరు దీనిపై కూర్చుండునా యని స్కేలు పెట్టి కొలిచిరి. పాతబోర్డున బిగింపు రంధ్రముల నడిమి దూరము 75 మిల్లీమీటర్లు; క్రొత్తదానిపై 78. ప్రాసెసరుతో పెట్టెలోనే యొక పంకా వచ్చుటచేత ఇచ్చట ఖర్చు కాలేదు గాని, ఆ 3 మిల్లీమీటర్లు వారి మనస్సున ముల్లువలె నాటుకొనెను.

సామాను వచ్చిన దినమున నేనక్కడనే యుంటిని. భోజనపు బల్లపై ఆదివారము అనుబంధమును పరచి, దానిపై క్రొత్తబోర్డును పరుండబెట్టి, మాస్టారు ముందుగా కిటికీ ఇనుప చువ్వను తాకిరి. ఒంటిలోని స్థిరవిద్యుత్తు చిప్పులను కాల్చునట, అందులకు. నాచేతను తాకించిరి. పాతకంప్యూటరునుండి తీసిన ర్యాము పలకను రబ్బరుతో తోమి, కన్నులకద్దుకొని, గాడిలో నుంచి నొక్కిరి. అది దిగలేదు. త్రిప్పి నొక్కిరి. దిగలేదు. అద్దాలు నుదుటిపైకి త్రోసి పలకను కన్నులకు చేరువగా పట్టుకొని, పంటిపంటిపై స్క్రూడ్రైవరు మొన ఆడించుచు లెక్కింప నారంభించిరి. నేను కాఫీ త్రాగి గ్లాసు కడిగి వచ్చుసరికి లెక్క ముగిసినది. "288! ఇక్కడా 288, అక్కడా 288. మరి ఎక్కదేమండీ?" పళ్ళ సంఖ్య సరిపోయినమాట నిజమే. కాని వానినడుమ నుండెడి చిన్నగంటు, డి.డి.ఆర్.4 పలకకొకచోటను, డి.డి.ఆర్.5 పలకకు దానికించుక ప్రక్కనను ఉండును. ఒకదాని బదులొకటి గ్రుచ్చి కాల్చుకొనకుండ చేసిన యేర్పాటది. ఒకే బోర్డు రెండు జాతులుగా అమ్ముడుపోవుననియు, వాని పేర్లలో చివర "డి4" అను రెండక్షరములే భేదమనియు అప్పుడు బయటపడెను. వెనుకకు పోయి ఆ కుఱ్ఱవాని యెదుట లెక్క తప్పితినని ఒప్పుకొనుటకంటె క్రొత్త ర్యాము కొనుటయే మేలని మాస్టారు నిశ్చయించిరి.

క్రొత్త ర్యామును వచ్చినది. అన్నియు బిగించి మీట నొక్కిరి. పంకాలు తిరిగెను, దీపములు వెలిగెను. తెర మాత్రము అమావాస్య. రబ్బరు పనిచేయలేదు. నోటుబుక్కు మరల తెరచిరి. ప్రాసెసరు పేరు తుద "ఎఫ్" అను నక్షరము కలదు. ధర తక్కువగా నుండుట చూచియు, ఎఫ్ అనగా ఫాస్టు అని తలచియు మాస్టారు దానిని ప్రత్యేకముగా నెన్నుకొనిరి. ఎఫ్ అనగా దానియందు బొమ్మలు చూపు గ్రాఫిక్స్ భాగము లేదని యర్థము. ధర తక్కువగుటకు కారణమును అదియే.

కావున గ్రాఫిక్స్ కార్డు. స్లాటునుండి లభించునది 75 వాట్లు. ఈ కార్డునకది చాలదు, ఎనిమిది సూదుల తీగ వేరుగా కావలెను, 150 వాట్లవరకు మోయునట్టిది. పాత ఎస్.ఎం.పి.ఎస్. క్యాబినెటుతో కొసరుగా వచ్చినది; దాని తీగలలో అట్టిది లేదు. కావున క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. కార్డు మూరెడు పొడవు. హార్డ్ డిస్కుల గూటికి తగిలి సగములో ఆగెను. కావున క్రొత్త క్యాబినెటు. కార్డున నున్నవి హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లే పోర్టులు. పాతమానిటరునకు తెలిసినది వి.జి.ఎ. యొక్కటే. కావున క్రొత్త మానిటరు. 600 వి.ఎ. యు.పి.ఎస్. నిజముగా మోయునది 360 వాట్లు. కరెంటు పోగానే అది పిల్లపిట్టవలె కీచుమని కన్ను మూసెను. కావున క్రొత్త యు.పి.ఎస్. క్యాబినెటు బల్లక్రింది అరలో పట్టలేదు. కావున వడ్రంగి. గోచిపాతను ఎలుకలు కొరకుచున్నవని పిల్లిని, పిల్లి పాలకై ఆవును, ఆవు మేతకై పొలమును సంపాదించిన సన్న్యాసి కథను నేను జ్ఞాపకము చేసితిని. ఆ సన్న్యాసికి తుదకు పెండ్లియైనది. మాస్టారికి అదివరకే యైయుండుటచేత ఆ యొక్క ఖర్చు తప్పినది.

ఎట్టకేలకు యంత్రము నడచినది. నిశ్శబ్దముగా, మిక్కిలి వేగముగా, ఏ లోపమును లేక నడచినది. రెండవనాడు నేను వెళ్ళి చూతును గదా, మాస్టారు దాని యెదుట చేతులు ముడుచుకొని, అల్లుడు కూతురిని తీసికొనిపోయిన మరునాటి తండ్రివలె కూర్చుండియుండిరి. బిల్లు కట్టుట యైనది. ఇంక దానితో పనిలేదు. మూడవనాటికి కొంచెము తేరుకొని, 2017లో రైజెన్‌తో పేరుగాంచిన ఏఎం4 సాకెట్టు, బయాస్ మార్చుకొన్నచో ఎన్ని తరముల ప్రాసెసర్లను మోసెనో, ఇంటెలువారివలె మాటిమాటికి గుమ్మము మార్చని ఆ పెద్దరికమెట్టిదో నాకు వర్ణించి చెప్పుచు, పొడుగు నోటుబుక్కున క్రొత్తపుట తిప్పిరి. క్యాబినెటు ప్రక్కతలుపు అప్పుడే ఊడియున్నది.

ఆ వారముననే మాస్టారి భార్యగారు మంచముక్రింద ఊడ్చుచు ఒక అట్టపెట్టెను బయటకు లాగి, నన్ను పిలిచిరి. పాతచీరలో చుట్టిన బోర్డు, అందున్న ప్రాసెసరు, బరువైన కూలరు, ర్యాము పలక, ఎస్.ఎం.పి.ఎస్.; గోడవారగా పాత క్యాబినెటు, మానిటరు, యు.పి.ఎస్. ఆమె వానిని వంటసామానువలె ఒక్కొక్కటి తడిమి చూచి, "అన్నయ్యగారూ, మనం వాడిన కంప్యూటరులో ఇక్కడ లేనిదేమిటండీ?" అని అడిగిరి. నేను లెక్కించితిని. హార్డ్ డిస్కు ఒక్కటే క్రొత్తదానిలోనికి పోయినది.

సి.టి.సి. కుఱ్ఱవాని నంబరు నా దగ్గర నుండెను. వాడు మోటారు సైకిలుపై వచ్చి, వంటింటి ప్రక్కగదిలో నేలపై బాసిపట్టు వేసికొని, హార్డ్ డిస్కు ఖాళీచోట ఎస్.ఎస్.డి. పెట్టి, ఉబుంటు ఎక్కించి, చెప్పిన గంటకే లేచెను. మాస్టారు వెనుక చేతులు కట్టుకొని మొదటినుండి చివరవరకు చూచుచు నిలిచిరి. చివరకు, "ఏ బడిలో చదివావురా?" అని మాత్రమడిగిరి. వాడు బడి పేరు చెప్పెను. వారు తల పంకించి లోపలికి పోయిరి.

ఇప్పుడామె మీట నొక్కి పాలగిన్నె చేతబట్టునంతలోనే తెర వెలుగుచున్నది. పొయ్యి దగ్గరకు పోవుటకు వ్యవధి చాలక మొదటి నాలుగు దినములును ఆమె తికమకపడిరి. నిన్న ఆదివారము నేను వెళ్ళునప్పటికి మాస్టారి క్రొత్తయంత్రము భోజనపు బల్లపై విప్పబడియున్నది. వారు భార్యగారి కంప్యూటరు ముందు స్టూలుపై కూర్చుండి, ఏదో బోర్డునకు ఏదో కూలరు పొసగునా యని వెదకుచుండిరి. ఆమె గరిటె పట్టుకొని వెనుక నిలిచి, "పది నిమిషాలేనండోయ్! అబ్బాయి పిలిచే వేళయింది" అనుచుండిరి.