జేట్యాగు సారు

కర్నూలు, కడప మండలములలో ఎలక్ట్రానిక్సు శాఖ గల ఇంజనీరింగు కళాశాల యెక్కడనున్నను అచ్చట ఒక జేట్యాగు సారు ఉండియే తీరును. ఆయన ఉపన్యాసకుడు కావచ్చును, ప్రయోగశాలలో సహాయకుడు కావచ్చును, చదువు ముగించి కళాశాల గేటు ఎదుటనే సెల్‌ఫోను మరమ్మతు అంగడి పెట్టుకొన్న పాత విద్యార్థియైనను కావచ్చును; కాని జేబులో కలమునకు మారుగా నిలిచిన ట్వీజరును బట్టియు, చూపుడువ్రేలి కొనను సోల్డరింగు ఐరను మిగిల్చిన మచ్చను బట్టియు, ఇంటిలో ఆయన పని సాగించు కడప బండను బట్టియు ఎవరైనను పోల్చుకొనగలరు. ఆ బండ నిజమునకు వంటింటి గట్టుకై తెప్పించినది. ఐరను జారిపడినను కమరదనియు, లెడ్డు చుక్క పడినను గోటితో గీకిన లేచివచ్చుననియు కనుగొన్న దినముననే అది సారుగారి పరమైనది. గట్టు నేటికిని సిమెంటుదే.

ఆ బండపై ఆయన కట్టుచుండునది డీబగ్గు అడాప్టరు, అనగా చిప్పులోపల పరుగెత్తుచున్న ప్రోగ్రామును నడుమ ఆపి, దాని కడుపులో ఏమున్నదో చూచుటకు కంప్యూటరునకును బోర్డునకును మధ్య నుంచు చిన్న పెట్టె. 1985లో ఏర్పడిన జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్ అను బృందముయొక్క పొడి యక్షరములే జేట్యాగు. వారి పద్ధతి 1990లో ఐఈఈఈ 1149.1 అను ప్రమాణమైనది. టీసీకే, టీఎంఎస్, టీడీఐ, టీడీఓ అని ముఖ్యముగా నాలుగు తీగలు, లోపల 16 స్థితుల యంత్రము. ఆ యంత్రము ఏ స్థితిలో చిక్కుకొనియున్నను, టీఎంఎస్‌ను పైకెత్తిపట్టి 5 మారులు క్లాకు కొట్టినచో మొదటికి వచ్చి బుద్ధిగా నిలుచును. ఈ సంగతి చెప్పునపుడు మాత్రము సారుగారి కంఠము గద్గదమగును. "మనిషికి గూడా ఇట్లా ఐదు పల్సుల రీసెట్టు పెట్టింటే, మన సీమలో సగం కోర్టులు మూసుకోవచ్చప్పా!" అని నిట్టూర్చును.

కొని తెచ్చుకొనరాదా యని పాఠకులు అడుగవచ్చును. ఆయన సన్నిధిని అనరాని మాట యదియొక్కటే. పేరుమోసిన జర్మనీ పెట్టె వేలకొలది రూపాయలు. చైనానుండి దిగు ఎస్‌టీ-లింకు నకలు కొన్ని వందలకే లభించును. మొదటిది ఖరీదని ఆయన కొనడు. రెండవది చవుక యని కొనడు. పొరుగు చేనివాడు నీళ్లిచ్చెదనన్నను వినక, అప్పుచేసి తన చేనిలో నాలుగవ బోరు వేయించు మా మెట్ట రైతు మనసే ఆయనదియును. నీరు పడుట కంటె, అది తన గొట్టమున పడుట ముఖ్యము.

ఆయన వైభవమంతయు ప్రింటరు పోర్టు కాలమున గడచినది. ప్రయోగశాలలలో ఎల్‌పీసీ2148 అను చిప్పు గల కిట్లు వెలసిన ఆ దినములలో, విగ్లరు అను విదేశపు అడాప్టరుయొక్క పటము చేతులు మారుచు లోకమెల్ల తిరుగుచుండెను. 74హెచ్‌సీ244 అను ఇరువది కాళ్ల చిప్పు, గుప్పెడు రెసిస్టర్లు, జీరో పీసీబీ ముక్క, ఎఫ్ఆర్‌సీ కేబులు—ఇంతియే సామగ్రి. ఇందుకై కర్నూలు సారు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకిని, కడప సారు మద్రాసు రిచీ వీధికిని పోయివచ్చును. ఆ బస్సు ఛార్జీని అడాప్టరు ఖరీదులో కలుపుట అమర్యాద. ఆగ్స్‌బర్గులో డొమినిక్ రాత్ అను విద్యార్థి తన డిప్లొమా సిద్ధాంతవ్యాసమునకై 2005లో చేసిన ఓపెన్‌ఓసీడీ ఉచితముగా లభించుచుండుటచేత సాఫ్టువేరునకును కాసు ఖర్చులేకపోయెను.

అంతయు కట్టి తీగ గుచ్చిన పిమ్మట తెరపై వచ్చిన జవాబు: అన్నియు ఒకట్లే. టంకములన్నియు మరల కాచి అతికినను అన్నియు ఒకట్లే. తుదకు తేలినదేమనగా, ఎల్‌పీసీ2148 రీసెట్టగు వేళ ఆర్‌టీసీకే అను కాలు క్రిందికి లాగబడి యుండనిచో డీబగ్గు ద్వారములు తెరచుకొననే తెరచుకొనవు; రూపాయి విలువచేయని రెసిస్టరొకటి గ్రౌండునకు కట్టవలెను. కట్టిరి, 4ఎఫ్1ఎఫ్0ఎఫ్0ఎఫ్ అని చిప్పు తన గుర్తు చెప్పినది. ఆ సాయంకాలము వీధివారందరికిని మిరపకాయ బజ్జీలు పంచబడెను. నేనును తింటిని గనుక ఈ భాగమును విమర్శింపజాలను.

తరువాత ల్యాప్‌టాపులనుండి ప్రింటరు పోర్టు మాయమయ్యెను. యూఎస్‌బీనుండి ప్రింటరుకు పోవు తీగ యొకటి కొనితెచ్చిరి; అది కాగితములచ్చువేయుటకే గాని కాళ్లొక్కొక్కటిగా ఆడించుటకు పనికిరాదు. పిమ్మట బ్లూ పిల్ అను చవుక బోర్డునే అడాప్టరుగా మార్చబోయిరి. అందులో ప్రోగ్రాము నెక్కించుటకు ముందుగా ఒక అడాప్టరుండిన మేలని తెలిసి, బూటు జంపరు మార్చి సీరియలు తీగతో ఎక్కించు దొడ్డిదారి పట్టి, మూడు వారములు మహానందమున మునిగియుండిరి.

ఇట్లని ఆయనను నిష్ప్రయోజకుడనుకొనరాదు. ఒకనాడు తుదిసంవత్సరపు కుర్రవాడొకడు నకలు ఎస్‌టీ-లింకును పట్టుకొని ఏడుపుమొగముతో వచ్చెను.

"కనెక్టు కావడంల్యా సార్. రేపు ఎక్స్‌టర్నలు వస్సాడు."

"తీగలు ఏం చూసి పెడితివి రా?"

"డబ్బా మీద రాసిండేది చూసి, సార్."

"డబ్బాను నమ్మితివా?"

"ఇంగ దేన్ని నమ్మాల సార్?"

సారు మారుమాటాడక అల్యూమినియపు తొడుగును లాగివేసెను. లోపలి బోర్డుపై అచ్చైన కాళ్ల వరుస ఒకటి, తొడుగుపైనున్నది మరియొకటి! రెండు తీగలు మార్చగానే చిప్పు పలికినది. అంతవరకు ఆ కుర్రవానిని చూచిన పెద్దలందరును సాఫ్టువేరు మరల ఇన్‌స్టాలు చేయుమనియే చెప్పియుండిరి. తొడుగు విప్పవలెనన్న బుద్ధి చదువుచే అబ్బునది కాదు. చేయి కాల్చుకొన్నవానికే అబ్బును. అయితే ఆ అడాప్టర్లతో ఆయన స్వయముగా ఏ ప్రోగ్రామును దిద్దినాడని మాత్రము అడుగరాదు. ఒక ఎల్‌ఈడీ వెలిగి ఆరుచుండును. అది మొదటినుండియు సరిగానే వెలుగుచున్నది.

మొన్న వేసవిలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువు మేనల్లుడు రెండు పికో బోర్డులు తెచ్చెను. రాస్ప్‌బెర్రీ పై వారు 2021లో 4 డాలర్లకు విడిచిన బోర్డది. బటను నొక్కిపట్టి తీగ గుచ్చిన పెన్‌డ్రైవువలె కనబడును, ఉచితముగా దొరకు ఫైలొకటి అందులో పడవేసిన అడాప్టరైపోవును.

"అయిపాయె మామా."

"అయిపాయెనా?" అని సారు దిగాలుపడెను. రెండు దినములు ఉగ్గాని సయించలేదు. మూడవనాడు, ఒరుల ఫైలు మనకేల యని, ఆ పనిచేయు ప్రోగ్రామును తానే వ్రాయసాగెను. అందులో తప్పు దొరలినది. తప్పు పట్టుటకు అడాప్టరు కావలెను గనుక మేనల్లుని రెండవ పికోను తీసికొని, అందులో ఆ ఒరుల ఫైలునే, తాత్కాలికముగా నని చెప్పి, ఎక్కించి మొదటిదానికి అతికించెను. సెలవులు ముగిసినవి. ప్రాజెక్టు దినము దగ్గరపడి మేనల్లుడు ఫోను చేసెను.

"మామా, నా బోర్డులు?"

"పంపిస్సాలే నాయనా. నీ ఫ్రెండ్సు దగ్గర ఇంగొక పికో ఉంటే అడిగి చూడు. ఈ రెండోది గూడా ఎందుకో పలకడంల్యా."